నిన్న ఏం తిన్నావు? – పోషణ చదువు, మన వాడల పళ్లెం

ఆహారం, పోషణ అనే సబ్జెక్టు తీసుకున్న పిల్లలకు వాడల్లోకి పంపే ముందు ఒక ప్రశ్న నేర్పుతారు. 'నిన్న పొద్దున లేచిన కాడినుంచి ఇయ్యాల పొద్దున లేచేదాకా ఏమేం తిన్నావు? ఎంతెంత తిన్నావు?' అన్నదే ఆ ప్రశ్న. దీన్ని ఇరవైనాలుగు గంటల జ్ఞాపక పద్ధతి అంటారు. ముందర గిన్నెలు, గంటెలు, గ్లాసులు పెట్టుకుని అడగాలి. చెప్పింది రాసుకోవాలి. తర్వాత పట్టిక తీసి ఎన్ని మాంసకృత్తులు అందాయి, ఎంత ఇనుము అందింది, ఎంత సున్నం అందింది అని లెక్కగట్టాలి. చూడబోతే దీనికంటే తేలికైన పరిశోధన లేదు.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో ఒక దళితవాడకు మేము కొందరు విద్యార్థులతో వెళ్లాం. మిర్చి ఏరి అప్పుడే ఇంటికొచ్చిన ఒక తల్లిని ఆ ప్రశ్న అడిగారు. 'ఏముంది బిడ్డా, పప్పూ అన్నం. ఇంత మజ్జిగ' అన్నది. పిల్లలు రాసుకున్నారు. లేచి వస్తుంటే గుడిసె పక్క దండెం మీద కూర తునకలు ఎండుతున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక అమ్మాయి మాత్రం మెల్లగా చెప్పింది: 'మా అమ్మను అడిగినా ఇట్లనే చెప్పేది సార్. మా ఇంట్లో పెద్దకూర తింటరని క్లాసులో నేను కూడా చెప్పలే.' అదే వాడలో ఇంకో ఇంట్లో ముసలమ్మ 'రెండు పూటలా తిన్న' అన్నది. పొయ్యి చూస్తే రాత్రి అంటుపెట్టిన గుర్తే లేదు.

ఒకరు తిన్నది దాచారు, ఒకరు తిననిది దాచారు. రెండూ కాగితం మీద అంకెలయ్యాయి. ఆ అంకెలే పోగై శాతాలవుతాయి, ఆ శాతాల మీదే పథకాలు వస్తాయి. తిండి మీద ఉన్న కులం సిగ్గు శాస్త్రం లెక్కలోకి ఇట్లా చొరబడుతున్నది. కాబట్టి మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పోషణశాస్త్రం కూడబెట్టిన పట్టికలు మన పక్షానే ఉన్నాయి. ఆ శాస్త్రం అడిగే తీరు మాత్రం ఇంకా మనది కాలేదు. మన పిల్లలు ఈ చదువులోకి పోయి, అడిగేవాళ్ల స్థానంలో కూచుంటేనే అది మారుతుంది.

ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది

పోషణ అంటే హోమ్‌సైన్స్ కాలేజీ, హోమ్‌సైన్స్ అంటే ఉన్నింటి ఆడపిల్లల చదువు అన్న అభిప్రాయం మన దగ్గర చాలాకాలం ఉంది. అది ఊరికే పుట్టింది కాదు. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టిననాటి నుంచి ఈ చదువు మధ్యతరగతి గృహిణిని మనసులో పెట్టుకునే సాగింది. వంటగది వేరుగా ఉన్న ఇల్లు, బడ్జెట్ రాసుకునే ఇల్లాలు, పాలు పోయించుకునే కుటుంబం ఆ పుస్తకాల్లో కనపడతాయి. పొద్దున నాలుగింటికి వండి, సద్ది కట్టుకుని ట్రాక్టరెక్కే కూలితల్లి కనపడదు.

అయితే వేరే దారి కూడా తెరుచుకుంది. డిగ్రీ దాకా పోలేని వాళ్లకు, పనిచేసుకుంటూ చదివేవాళ్లకు ఊరి దగ్గరే, ఆ ప్రాంతపు అవసరాన్ని బట్టి చదువు చెప్పాలన్న ఆలోచనతో వచ్చినవి కమ్యూనిటీ కాలేజీలు. అమెరికాలో 1901లో జోలియెట్ అనే ఊళ్లో మొదలైన ఈ పద్ధతి, మన దేశంలోకి 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ద్వారా వచ్చింది. తర్వాత తమిళనాడులో బాగా పాకింది. తెలుగునాట ఈ పనిని ఎక్కువగా చేసింది దూరవిద్య. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఆహారం–పోషణ మీద సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనూ అలాంటి కోర్సు వచ్చింది. బడి మధ్యలో మానేసిన అంగన్‌వాడీ ఆయా, మధ్యాహ్న భోజనం వండే అక్క, ఆశా కార్యకర్త చేరదగ్గ చదువు ఇదే. అంబేడ్కర్ పేరున్న చోట తిండి గురించి చదువుకునే వీలు ఉండటం మామూలు సంగతి కాదు. తిండి పేరుతోనే మనల్ని ఊరి బయట నిలబెట్టారు గనుక.

కూనూరు నుంచి తార్నాకకు

ఈ శాస్త్రం మన దేశంలో ఎట్లా పుట్టిందో విద్యార్థులు తెలుసుకోవాలి. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద విచారణ మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది.

బెరిబెరికి మన తెలుగు నేలతో సంబంధం ఉంది. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో ఈ జబ్బు బాగా ఉన్నది సర్కారు జిల్లాల్లోనే. కాళ్లు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె బలహీనపడి మనుషులు పోయేవారు. కారణం మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం. వడ్ల మీది తవుడు పోతే దాంతోపాటు బి1 విటమిన్ పోతుంది. వడ్లను ముందే ఉడికించి ఆరబెట్టి పట్టిన ఉప్పుడు బియ్యంలో అది గింజలోకి ఇంకి కొంత మిగులుతుంది. ఇంట్లో దంచుకున్న దంపుడు బియ్యంలో తవుడు పూర్తిగా పోదు. తెల్లబియ్యం గొప్ప, ముడిబియ్యం తక్కువ అన్న మర్యాద మనుషుల ప్రాణం తీసిందన్నమాట. రోకలి పట్టిన మన ఆడవాళ్ల చేతిలో ఉన్న విటమిన్‌ను మిల్లు తీసేసింది.

ఇంకోటి పెల్లాగ్రా. ఎండ తగిలేచోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొట్టులేస్తుంది. విరేచనాలు పడతాయి. ముదిరితే మతి చలిస్తుంది. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరో తిండి దొరకని పేదల్లో దీన్ని హైదరాబాదు శాస్త్రజ్ఞులు చూశారు. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం ఇందుకు ఒక కారణమని ప్రతిపాదించారు. దాని మీద తర్వాత కూడా చర్చ నడిచింది. మనకు కావలసిన పాఠం మాత్రం స్పష్టం. ఏడాది పొడుగునా ఉత్త జొన్నగటక మీద బతకాల్సి రావడమే ఆ జబ్బు. పక్కన ఇంత పప్పు, ఇంత ఆకుకూర, ఇంత మాంసం పడ్డ ఇంట్లో అదే జొన్న బలమైన తిండి. తప్పు గింజది అనుకుంటే ఒక వైద్యం, పేదరికానిది అనుకుంటే మరో వైద్యం.

పట్టిక ఏం చెబుతోంది

1937లో కూనూరు నుంచి ఎక్రాయిడ్ మొదటి ఆహార పట్టిక తెచ్చాడు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్ పేర్లతో వచ్చిన పట్టిక దశాబ్దాలపాటు ఈ చదువుకు మూలగ్రంథంగా నిలిచింది. 2017లో 528 ఆహార పదార్థాలను కొత్తగా పరీక్షించి మరో పట్టిక వేశారు. ఏ కోర్సులోనైనా ఈ పట్టిక చూడటం నేర్పుతారు. మన పిల్లలు దాన్ని మన కళ్లతో చదవాలి.

1971 పట్టిక ప్రకారం 100 గ్రాములకు లెక్క ఇది. తెల్లబియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు, సున్నం అంటే కాల్షియం 10 మిల్లీగ్రాములు. జొన్నలో మాంసకృత్తులు 10.4, కాల్షియం 25. కొర్రల్లో మాంసకృత్తులు 12.3. తైదల్లో, అదే ఏజెన్సీలో చోళ్లంటారు, కాల్షియం 344. సామల్లో ఇనుము 9.3 మిల్లీగ్రాములు. గొడ్లకు పెడతారని చిన్నచూపు చూసే ఉలవల్లో మాంసకృత్తులు 22, కాల్షియం 287. ఆవుపాలలో కాల్షియం 120, బర్రెపాలలో 210. పెరట్లో కోసుకునే మునగాకులో 440, చెలక గట్టున పెరిగే పొన్నగంటికూరలో 510, అవిసాకులో 1130. ఇక మాంసం సంగతి. మేక, గొర్రె ఉన్న ఆ పేజీలోనే గొడ్డుమాంసం కూడా ఉంది. గొర్రెమాంసంలో మాంసకృత్తులు 18.5 గ్రాములు, కొవ్వు 13.3. గొడ్డుమాంసంలో మాంసకృత్తులు 22.6, కొవ్వు 2.6. ఎండబెట్టి పొడిచేసిన గొడ్డుమాంసంలో మాంసకృత్తులు 79.2, ఇనుము 18.8 మిల్లీగ్రాములు.

ఈ చివరి అంకెను జాగ్రత్తగా చదవాలి. ఎండితే నీళ్లు పోతాయి కాబట్టి మిగిలింది చిక్కబడుతుంది. 100 గ్రాముల ఎండుతునకలు ఒక పూట ఎవరూ తినరు. గుప్పెడు తునకలు గోంగూరలోనో చింతచిగురులోనో వేసి ఇంటిల్లిపాదీ తింటారు. అయినా అందులో శాస్త్రం ఉంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. పైగా పక్కన ఉన్న ఆకుకూర, గింజల్లోని ఇనుమును కూడా ఒంటికి పట్టించడానికి తోడ్పడుతుంది. పుల్లటి పదార్థాలు, సి విటమిన్ ఉన్నవి కూడా అదే పనిచేస్తాయి. మన అమ్మమ్మలు పుల్లకూరలో తునకలు వేసింది ఈ పట్టిక చూసి కాదు. కానీ పట్టిక వాళ్ల మాటను కాదనడం లేదు.

రాత్రి జొన్నపిండి నానబెట్టి పులియనిచ్చి పొద్దున కాచే అంబలి కూడా అంతే. గింజల్లో ఫైటేటు అనే పదార్థం ఇనుమును, జింకును పట్టుకుని వదలదు. పులియబెట్టినా, మొలకెత్తించినా దాని బలం తగ్గుతుంది. బి12 విటమిన్ అయితే పాలు, గుడ్లు, చేపలు, మాంసం లాంటి జంతు ఆహారంలోనే దొరుకుతుంది. పాలు కొనలేని ఇంటికి అది ఎక్కడినుంచి రావాలి? తెలుగులో ప్రోటీనుకు మనం పెట్టుకున్న మాటే మాంసకృత్తులు. గోడ మీది బొమ్మలో మాత్రం పప్పుగిన్నె, పాలగ్లాసు, అరటిపండు. ఆ బొమ్మ చూసి పెరిగిన పిల్ల, తమ ఇంట్లో తినేది తిండి కాదేమో అనుకుంటుంది. మేము హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఇంటినుంచి తెచ్చుకున్న తునకల పచ్చడి డబ్బాను ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకున్నాం. చీకటిపడ్డాక తిన్నాం. ఆ డబ్బాలో ఏముందో చెప్పే పట్టిక తార్నాకలో అచ్చయి ఉందని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు గొడవలయ్యాయి. దాన్ని చాలామంది రెచ్చగొట్టడం అన్నారు. ట్రంకుపెట్టెలో డబ్బా దాచుకున్నవాళ్లకు అది వేరేగా అర్థమైంది.

'అజ్ఞానం' అనే పాఠం

పోషకాహార లోపానికి కారణాలు రాయమంటే మొదట పేదరికం, తర్వాత అజ్ఞానం, మూఢనమ్మకాలు అని పిల్లలు గడగడ అప్పజెబుతారు. మార్కులు పడతాయి. పేదరికం ఒక మాటతో అయిపోతుంది. అజ్ఞానం మీద మాత్రం పేజీలు నడుస్తాయి. తల్లులకు తెలియదు, చెప్పాలి, చైతన్యపరచాలి అని.

ఖమ్మం–భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే ఈ పాఠం నిలబడదు. ఇక్కడ కోయలు, కొండరెడ్లు, లంబాడీలు, మాలలు, మాదిగలు, నేతకానులు పక్కపక్క గూడేల్లో, పల్లెల్లో ఉంటారు. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరిలో ఉండి ఖమ్మానికి వచ్చింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. గీతలు ఇన్నిసార్లు మారినా అడవిలో తిండి క్యాలెండరు మారలేదు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు, తర్వాత తునికిపండ్లు, మామిడి. వానపడ్డాక వెదురుకొమ్ములు, రకరకాల ఆకులు, పుట్టగొడుగులు. తర్వాత దుంపలు. ఇప్పపువ్వును సారాకే అనుకుంటారు బయటివాళ్లు. ఎండబెట్టి, వేయించి, ఉడికించి తినే తీపి తిండి అది. కొండరెడ్ల గురించి 1945లో పుస్తకం వేసిన హైమెండార్ఫ్ కాలం నుంచీ, జీలుగుచెట్టు కల్లుతోపాటు దాని కాండంలోని పిండి కూడా ఆకలి రోజుల్లో ఆదుకునేదని తెలుసు. వందల మొక్కల్ని పేరుపెట్టి పిలిచి, దేన్ని ఉడికించి నీళ్లు పారబోయాలో, దేన్ని పచ్చిగా తినకూడదో చెప్పగల తల్లిని అజ్ఞాని అని ఏ పుస్తకం రాస్తుంది?

మరి లోపం ఎక్కడినుంచి వచ్చింది? చెలకల్లో జొన్న, కంది, పెసర, సామ కలిపి వేసిన నేల పత్తికి, మిర్చికి పోయింది. కొంత నేల కాగితం మిల్లుకు పోయే సుబాబుల్, జామాయిల్ తోటలయింది. పత్తి, మిర్చి తినేవి కావు, అమ్మేవి. అమ్మిన డబ్బు మొదట అప్పుకు పోతుంది. ఆకుకూర దొరికే గట్ల మీద కలుపుమందు కొడుతున్నారు. పోడు భూమి మీద హక్కు 2006 అటవీహక్కుల చట్టంలో రాసి ఉన్నా, పట్టా కోసం ఏళ్లతరబడి తిరగాల్సి వచ్చింది. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు, అయినా అందనివాళ్లున్నారు. దళితవాడలో భూమే లేదు, కాబట్టి పంట మారితే కూలీగా వచ్చే గింజ కూడా మారుతుంది. ఒకప్పుడు జొన్నలు కొలిచి కూలి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు డబ్బులిస్తున్నారు. డబ్బులతో కొనేది బియ్యం, నూనె, ఉల్లిగడ్డ, టీపొడి.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన వాడల్లో పొయ్యిలు వెలిగాయి. దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లు ఆకలి చూసినవాళ్లు కారు. వరికూడు పండుగనాడే తినే ఇళ్లలో రోజూ అన్నం వండటం ఆత్మగౌరవం సంగతి కూడా. కానీ రేషన్ బియ్యమే తిండి అయ్యాక పళ్లెంలో మిగతావన్నీ చిన్నబోయాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. పెద్దోళ్లు తినే బియ్యం మేమూ తింటున్నామన్న సంతోషం న్యాయమైందే. దాని పక్కన పప్పు, గుడ్డు, జొన్న కూడా రావాలని అడగటం అంతకంటే న్యాయమైంది.

ఫలితం చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. అడవి అంచున రక్తహీనతను ఉత్త ఇనుము లోపమని రాస్తే కూడా తప్పే. ఇక్కడ మలేరియా ఉంది. చెప్పుల్లేని కాళ్లలోంచి ఒంట్లోకి పోయే కొంకిపురుగు ఉంది. ఆదివాసుల్లో తరతరాలుగా వచ్చే సికిల్ సెల్ ఉంది. ఇవి తెలియకుండా అందరికీ ఒకే మాత్ర ఇచ్చి, మింగలేదని తల్లిని తిడితే అజ్ఞానం ఎవరిది?

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల పరిస్థితి మరీ కష్టం. అక్కడ షెడ్యూల్డ్ తెగ అయినవాళ్లకు ఇక్కడ ఆ కాగితం దొరకడం కష్టమైంది. మిర్చితోటలకు వీళ్ల కూలి కావాలి. రేషన్ కార్డుకు, అంగన్‌వాడీకి మాత్రం వీళ్లు దూరం. 'నిన్న ఏం తిన్నావు' అని వాళ్లను వాళ్ల భాషలో అడగగలిగే విద్యార్థి ఎంతమంది ఉన్నారు?

వండే చేయి

తిండి చదువులో శుచి, శుభ్రత అని ఒక పాఠం ఉంటుంది. చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచుకోవడం, గిన్నెలు మూతపెట్టడం ఎవరికైనా అవసరమే. కానీ మన దేశంలో శుచి అనే మాటకు ఇంకో అర్థం ఉంది. అదే గిన్నె, అదే బియ్యం, అదే పప్పు, వండింది మాదిగామె అయితే అంటు. బళ్లో మధ్యాహ్న భోజనం వండిపెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న మరో ఆదేశంలో వంటమనుషుల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఎందుకు అనాల్సి వచ్చిందో వాడల్లో ఉన్నవాళ్లకు వివరించక్కర్లేదు. పోషణ కోర్సులో పప్పులో ఎంత మాంసకృత్తులున్నాయో చెప్పినంత శ్రద్ధగా ఈ ఆదేశం గురించి చెప్పాలి. పిల్లవాడు అన్నం వదిలేసి లేచిపోతే, పప్పులో ఉన్న 22 గ్రాములూ గిన్నెలోనే ఉండిపోతాయి.

2015 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. మంచి పథకం. కానీ కేంద్రం ఊళ్లో ఉండి వాడ దూరంగా ఉంటే, కూలిపని ఎండెక్కినా విడవకపోతే, నిండుచూలాలు ఆ పూట తినడానికి ఎట్లా వస్తుంది? గుడ్డు లెక్క రిజిస్టర్‌లో ఉంటుంది. దూరం లెక్క ఏ కాలంలో రాయాలి?

పొగడ్తలో ఉన్న చిక్కు

ఇదంతా చదివి మన పాత తిండి అంతా అమృతం అనుకుంటే పొరపాటు. వానాకాలం గింజ అయిపోయినప్పుడు మామిడిటెంకల జీడి నానబెట్టి అంబలి కాచుకోవడం తెలివే. కానీ అది ఆకలి నేర్పిన తెలివి. దాన్ని సంప్రదాయ వంటకమని ప్రదర్శనలో పెట్టడం అవమానం. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమని తన వాళ్లకు చెప్పాడు. ఊరు పారేసినదాన్ని తిని బతకాల్సిన బానిసత్వాన్ని వదలమన్నాడు. 1948లో అంటరానితనం పుట్టుక గురించి పుస్తకం రాసినప్పుడు గొడ్డుమాంసం మీది నిషేధమే వెలివేతకు మూలమని వాదించాడు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కావు. బలవంతంగా నోట్లో పెట్టిన తిండిని నిరాకరించడం, ఇష్టంగా తినే తిండిని నిందించవద్దనడం ఒకే ఆత్మగౌరవానికి రెండు వైపులు.

చిరుధాన్యాల కథలోనూ ఇలాంటి చిక్కుంది. జహీరాబాదు దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లు 1980ల నుంచే బీడు పడ్డ చెలకల్లో జొన్న, కొర్ర, సామ వేసి, విత్తనం దాచి, ఊళ్లోనే గింజ పంచుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఎవరూ విత్తకుండానే చేలో వచ్చే ఆకుకూరలను కూడా తిండి లెక్కలో చేర్చారు. అప్పుడు వాళ్లను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక అదే కొర్ర నగరంలో ప్యాకెట్లోకెక్కి సన్నబియ్యం కంటే ఖరీదైంది. ఇక్కడ గిరిజన ప్రాంతాల్లో గిరిపోషణ పేరుతో ఇక్రిశాట్ సాయంతో జొన్న, చిరుధాన్యాలు, పప్పులతో చేసిన తినుబండారాలు పంచారు. పిల్లలు తింటే మంచిదే. చెలకలోంచి పోయిన జొన్న ప్యాకెట్లో తిరిగొచ్చింది. చెలకలోకి ఎప్పుడు వస్తుందన్నది మన ప్రశ్న.

ఎట్లా చదవాలి

ఈ కోర్సులో చేరే విద్యార్థులకు, చెప్పే ఉపాధ్యాయులకు, వాడల్లో పనిచేసే కార్యకర్తలకు మా అనుభవం నుంచి కొన్ని మాటలు చెప్తాం.

ఒకటి. 'నిన్న ఏం తిన్నావు' అని అడిగే ముందు నువ్వేం తిన్నావో చెప్పు. మా ఇంట్లో పెద్దకూర తింటం అని ఆ అమ్మాయి తర్వాతి వాడలో ముందే చెప్పింది. అక్కడ అందరూ నిజం చెప్పారు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి ఇది.

రెండు. ఏ నెలలో అడుగుతున్నావో రాయి. కాలేజీ వీలునుబట్టి సర్వేలు ఎక్కువగా చలికాలంలో, పంట చేతికొచ్చినప్పుడు పడతాయి. ఆషాఢ శ్రావణాల్లో అదే ఇంటికి మళ్లీ పో. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఆకలి కనపడుతుంది.

మూడు. ఇంటి మొత్తాన్ని కాదు, మనిషి మనిషినీ అడుగు. ఆఖరున తినే కోడలు, సగం తిని లేచే ముసలమ్మ ఇంటి సగటులో మాయమవుతారు.

నాలుగు. కొలత నేర్చుకో. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషణలోపం, వెంటనే ఆస్పత్రికి పంపాలి. 12.5 లోపు ఉంటే జాగ్రత్తపడాలి. ఈ పట్టీ జేబులో పట్టేంత ఉంటుంది. ఒక ప్రాణం నిలబెడుతుంది.

ఐదు. పట్టికలో లేని తిండి పేరు రాసుకో. కోయభాషలో ఏమంటారో, ఏ నెలలో దొరుకుతుందో, ఎట్లా వండుతారో రాయి. చెప్పిన మనిషి ఒప్పుకుంటేనే రాయి.

ఆరు. పరీక్షలో కారణాలు రాసేటప్పుడు అజ్ఞానం అనే మాట కొట్టేసి, భూమి, కూలి, అడవి, కులం అని రాసి చూడు. మార్కులు తగ్గితే ఎందుకు తగ్గాయో అడుగు. ఉపాధ్యాయులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

2020లో జాతీయ పోషకాహార సంస్థ సవరించిన లెక్క ప్రకారం పనిచేసే ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఈ అంకె చేతిలో ఉంటే అది బిచ్చమడగడం కాదు, హక్కు అడగటం. అంగన్‌వాడీ పళ్లెంలో, హాస్టల్ మెనూలో, రేషన్ సంచిలో, కూలిరేటులో ఎంత తక్కువ పడుతున్నదో గ్రాముల్లో చూపించొచ్చు. అధికారి ముందు కూచున్నప్పుడు మన గొంతుకు ఆ పట్టిక తోడవుతుంది.

మొన్న ఆ మిర్చి ఏరే తల్లి దగ్గరికి ఆ అమ్మాయి మళ్లీ వెళ్లింది. ఈసారి కాగితం బయటికి తీయలేదు. ఇద్దరూ కూచుని గోంగూర తుంచారు. 'అవునే, ఆ రోజు దండెం మీదివి చూసినవు గదా, ఎందుకు రాసుకోలేదు?' అని ఆ తల్లే అడిగిందట. అప్పుడు రాసుకున్నది. పాత కాగితంలో పప్పు అన్నం ఉన్నచోట గీత కొట్టి, పక్కన గోంగూర, తునకలు అని. తన సంతకం కూడా చేసింది.